వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్: బిగింపు, వైరింగ్, కాలిబ్రేషన్, ఆ తర్వాత అంకెను నమ్మే ముందు చేయాల్సిన పరీక్షలు

వైడ్‌బ్యాండ్ కిట్ (ఎగ్జాస్ట్ పొగలోని ఆక్సిజన్‌ను బట్టి ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ ఏ పాళ్లలో కలుస్తున్నాయో చెప్పే సెన్సర్, దాన్ని నడిపే కంట్రోలర్, మీటర్) కొన్నవాళ్లలో చాలామంది డబ్బా తెరవగానే మీటర్ చేతిలోకి తీసుకుని, డ్యాష్‌బోర్డ్‌లో ఎక్కడ పెడితే బాగుంటుందా అని చూస్తారు. నిజానికి అది ఆఖరి పని. రీడింగ్ తప్పు వస్తే ఆ తప్పు సెన్సర్‌ది కావడం తక్కువ. పైపులో దాన్ని కూర్చోబెట్టిన చోటు, దానికి ముందున్న లీకులు, గ్రౌండ్ (ఎర్త్) వైరు, ఎక్కువసార్లు కొంప ముంచేవి ఈ మూడే. కాలిబ్రేషన్ బటన్ నొక్కితే అన్నీ సర్దుకుంటాయని అనుకుంటారు గానీ, అది సెన్సర్‌లో వయసుతో వచ్చిన తేడాను మాత్రమే సరిచేస్తుంది, లీకును గానీ ఎర్త్‌ను గానీ సరిచేయదు. అందుకే ఇక్కడ వెల్డింగ్ గురించి, వైరింగ్ గురించి ఎక్కువ రాశాను, బటన్ నొక్కే భాగం చిన్నదే.

ముందుగా ఇది ఏం కొలుస్తుందో తెలియాలి, ఎందుకంటే తర్వాత చేసే ప్రతి పరీక్షా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మామూలు నారోబ్యాండ్ సెన్సర్ సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది, పెట్రోల్, గాలి సరిపాళ్లలో ఉన్నచోట, అంటే 0.45 దగ్గర, ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకుతుంది. మిశ్రమం రిచ్చా (పెట్రోల్ ఎక్కువా) లీనా (గాలి ఎక్కువా) అన్నది చెబుతుంది, ఎంత రిచ్ అంటే మాత్రం చెప్పలేదు. వైడ్‌బ్యాండ్‌లో అలాంటి కొలిచే సెల్‌కు తోడు ఇంకో పంప్ సెల్ ఉంటుంది. లోపల ఒక సన్నని ఖాళీ గదిని ఎప్పుడూ సరిపాళ్ల దగ్గరే ఉంచడానికి కంట్రోలర్ ఆ సెల్ గుండా కరెంట్ పంపి, ఆక్సిజన్‌ను బయటికి తోడుతూనో లోపలికి తెస్తూనో ఉంటుంది. ఎంత కరెంట్ పంపాల్సి వచ్చిందన్నదే కొలత. మిశ్రమం సరిగ్గా లాంబ్డా 1 దగ్గర, అంటే సరిపాళ్లలో ఉంటే పంప్ కరెంట్ సున్నా.

ఈ సున్నా సంగతి గుర్తుపెట్టుకోండి. సెన్సర్ పాతబడే కొద్దీ పంప్ కరెంట్ వాలు మారుతుంది, కానీ సున్నా సున్నాగానే ఉంటుంది. అంటే బాగా అలసిపోయిన సెన్సర్ కూడా ఐడిల్‌లో చక్కగా 14.7 (పెట్రోల్‌కు సరిపాళ్ల అంకె) చూపిస్తుంది, అదే ఫుల్ థ్రాటిల్‌లో 11.5 ఉండాల్సిన చోట 12 చూపించవచ్చు. "ఐడిల్‌లో కరెక్ట్‌గానే ఉంది కదా" అన్నది సెన్సర్ బాగుందనడానికి సాక్ష్యం కాదు.

ఇంకో మాట. మీటర్ మీద కనిపించే ఏఎఫ్ఆర్ అంకె (ఒక వంతు పెట్రోల్‌కు ఎన్ని వంతుల గాలి అన్నది) కొలిచింది కాదు, లెక్కగట్టింది. సెన్సర్‌కు తెలిసేది లాంబ్డా మాత్రమే, మీటర్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు అసలు సరిపాళ్లు 14.1 దగ్గర, స్వచ్ఛమైన ఇథనాల్‌కు 9 దగ్గర ఉంటాయి, అయినా ఏ ఇంధనం పోసినా సరిపాళ్ల దగ్గర మీటర్ 14.7 అనే అంటుంది. దీనివల్ల నష్టం లేదు, మీరు పెట్టుకున్న టార్గెట్ కూడా అదే స్కేల్‌లో ఉన్నంతవరకు. మీటర్‌లో లాంబ్డా చూపించే సెట్టింగ్ ఉంటే మాత్రం అదే పెట్టుకోండి, ఇంధనం మారినప్పుడల్లా తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

కన్నం ఎక్కడ

ఎగ్జాస్ట్‌లో చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి వేడి, నీళ్లు, గాలి. సెన్సర్ కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందే ఉండాలి, దాని తర్వాత పెడితే అక్కడ మిగిలిన ఆక్సిజన్ కన్వర్టర్ పని అయ్యాక మిగిలినది, ఇంజిన్ నుంచి వచ్చింది కాదు. అలాగని మరీ ఇంజిన్ దగ్గరికి తెచ్చి పోర్ట్‌కు అంటించినట్టు పెట్టకూడదు, ఒక్క సిలిండర్ పొగ మాత్రమే తగిలే చోట వచ్చే రీడింగ్ ఆ ఒక్క సిలిండర్‌దే, పైగా వేడికి సెన్సర్ తొందరగా పోతుంది. అన్ని సిలిండర్ల పైపులు కలిసిన చోటు దాటి కొంచెం కిందికి వస్తే సరిపోతుంది. టర్బో ఉంటే దాని తర్వాతే, డౌన్‌పైప్‌లో, వీలైతే టర్బో నుంచి రెండు మూడు అడుగుల దూరంలో. టర్బోకు ముందు వేడి మాత్రమే కాదు, వెనక ఒత్తిడి కూడా ఎక్కువ ఉంటుంది, ఒత్తిడి పెరిగితే పంప్ కరెంట్ పెరుగుతుంది కాబట్టి ఉన్నదానికంటే రిచ్‌గానో లీన్‌గానో అతిగా చూపిస్తుంది.

బాష్ ఎల్ఎస్‌యూ రకం సెన్సర్లు, అంటే మార్కెట్లో దొరికే కిట్లలో ఎక్కువగా వచ్చే 4.2, 4.9, సుమారు 930 డిగ్రీల సెల్సియస్ వరకు పొగ వేడిని తట్టుకుంటాయి. కానీ అసలు ఇబ్బంది పొగలో ఉండే మొన దగ్గర కాదు, బయట ఉండే షట్కోణపు భాగం దగ్గర, దాని పైన వైర్లు బయటికొచ్చే రబ్బరు దగ్గర. మొన వేడిని తట్టుకునేలానే చేశారు, రబ్బరు అంత వేడిని ఓర్చుకోదు. పైపు ఎర్రగా కాలే చోట పెట్టక తప్పని పరిస్థితి అయితే పొడవైన బంగ్ (సెన్సర్ బిగించడానికి పైపుకు వెల్డ్ చేసే మరల గొట్టం) వాడి సెన్సర్‌ను పైపు నుంచి కాస్త ఎడంగా ఉంచవచ్చు, అయితే ఆ పొడవు మొనను పూర్తిగా లోపల దాచేసేంత కాకూడదు, పొగ తగలని మొన పాత గాలినే నెమ్మదిగా కొలుస్తూ కూర్చుంటుంది.

ఇక నీళ్లు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఎగ్జాస్ట్‌లో నీటి ఆవిరి చల్లబడి చుక్కలుగా మారుతుంది. సెన్సర్ లోపలి సిరామిక్ మాత్రం 4.9లో అయితే 780 డిగ్రీల దగ్గర పని చేస్తుంది. ఆ వేడి సిరామిక్ మీద ఒక్క నీటి చుక్క పడితే చాలు, మండే పెనం మీద నీళ్లు చిలకరించినట్టే, పగులు వస్తుంది. అందుకే సెన్సర్‌ను అడ్డంగా గానీ, తలకిందులుగా పైపు అడుగున గానీ పెట్టకూడదు. మొన కిందికి ఉండేలా, అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు పైకి ఎత్తి పెట్టాలి. పైపును చివరి నుంచి గడియారంలా ఊహించుకుంటే 10 గంటలకూ 2 గంటలకూ మధ్య ఎక్కడైనా బాగుంటుంది. సరిగ్గా 12 మీద పెడితే వేడంతా నేరుగా వైర్ల వైపు ఎక్కుతుంది, కాబట్టి కొంచెం పక్కకు వంచడమే నయం. పైపులో పల్లంగా వంగి నీళ్లు నిలిచే చోటుకు దిగువన కూడా వద్దు.

మూడోది గాలి. సైలెన్సర్ చివరికి దగ్గరగా పెడితే, ముఖ్యంగా పైపు పొట్టిదైతే, ఐడిల్‌లో బయటి గాలి వెనక్కి పీల్చబడి సెన్సర్ దాకా వచ్చేస్తుంది, లీన్ అని చూపిస్తుంది. అందుకే పైపు చివర తగిలించే క్లాంప్ రకం పరికరాలతో ఐడిల్ రీడింగ్ తీసుకుని ట్యూన్ చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఫ్యాక్టరీ సెన్సర్ ఉన్న కన్నంలోనే దీన్ని పెట్టేద్దామా అని అందరికీ అనిపిస్తుంది, మర కూడా చాలా కార్లలో అదే, ఎం18 బై 1.5. కొన్ని కంట్రోలర్లు నారోబ్యాండ్‌ను అనుకరించే రెండో అవుట్‌పుట్ ఇస్తాయి కాబట్టి పని జరుగుతుంది. కానీ నా సలహా, వేరే కన్నం పెట్టించుకోండి. ఫ్యాక్టరీ సెన్సర్‌ను అలాగే వదిలేస్తే కారు సొంత పద్ధతిలో నడుస్తుంది, చెక్ ఇంజిన్ లైటు గొడవ ఉండదు, ఇంకా ముఖ్యంగా మీ వైడ్‌బ్యాండ్‌ను సరిచూసుకోవడానికి పక్కనే ఒక స్వతంత్ర సాక్షి ఉంటుంది. ఒకే సెన్సర్ రెండు పనులూ చేస్తుంటే అది తప్పు చెప్పినా కారు ఆ తప్పు ప్రకారమే పెట్రోల్ సర్దుతుంది, మీటర్ హాయిగా 14.7 చూపిస్తుంది.

వెల్డింగ్

వీలైతే పైపును కారు నుంచి విప్పి వెల్డింగ్ చేయించండి. కారు కిందే చేయక తప్పకపోతే బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీసేయండి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్ కూడా తీస్తే ఇంకా మంచిది, వెల్డింగ్ ఎర్త్ క్లాంప్‌ను పైపు మీదే, కన్నానికి దగ్గరగా పెట్టాలి. క్లాంప్‌ను దూరంగా బాడీకి తగిలిస్తే ఆ కరెంట్ ఏ బేరింగ్ గుండా, ఏ ఎలక్ట్రానిక్స్ గుండా వెళ్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కారును జాక్ మీద వదిలేసి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి లీకులు చూడాలి కాబట్టి తలుపులు మూసిన గ్యారేజీలో ఈ పని వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కన్నం పెట్టే ముందు సెన్సర్‌ను చేత్తో పట్టుకుని అక్కడ ఆనించి చూడండి. వైరు ఎటు వెళ్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు, గేర్ లింకేజీకి తగులుతుందా, 22 ఎంఎం స్పానర్ తిప్పడానికి చోటుందా. పైపు మీద పూత ఉంటే బంగ్ చుట్టూ మెరిసే లోహం కనిపించేవరకు గ్రైండ్ చేయాలి, జింక్ పూత కాలితే వచ్చే పొగ పీల్చకూడదు. ముందు సన్నని డ్రిల్‌తో గుర్తు పెట్టి, తర్వాత స్టెప్ బిట్‌తో కన్నం పెద్దది చేస్తే గుండ్రంగా వస్తుంది. లోపలి లోహపు పొట్టును అయస్కాంతంతో గానీ గాలితో గానీ పూర్తిగా తీసేయాలి, అది తర్వాత కన్వర్టర్‌లోకి పోతుంది.

వెల్డింగ్ చేసేటప్పుడు బంగ్ మరలు వేడికి వంకర పోతాయి. పాడైపోయిన పాత సెన్సర్ ఒకటి ఉంటే దాన్ని బిగించి వెల్డింగ్ చేయించండి, మర ఆకారం నిలుస్తుంది. కొత్త సెన్సర్ బిగించి ఆ పని చేయవద్దు, చెప్పాల్సిన పని లేదనుకుంటాను గానీ చేసినవాళ్లున్నారు. చల్లారాక ఎం18 బై 1.5 ట్యాప్‌ను ఒకసారి తిప్పి మరలు శుభ్రం చేయండి. కొత్త సెన్సర్ మర మీద సాధారణంగా పేస్ట్ రాసే వస్తుంది, లేకపోతే సెన్సర్లకు వాడే యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్ట్) మర మీద మాత్రమే పల్చగా రాయండి, మొనకు అంటకూడదు. బిగింపు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ పట్టే చోటు లేకపోతే చేత్తో ఆనేవరకు తిప్పి, ఆపైన స్పానర్‌తో వాషర్ నలిగేలా గట్టిగా బిగించండి, పైపు పెట్టి తొక్కాల్సిన పని లేదు.

అయితే ఆగండి, ఇప్పుడే బిగించేయకండి. మీ కంట్రోలర్‌కు గాలిలో కాలిబ్రేషన్ అవసరమైతే అది సెన్సర్ బయట ఉండగానే చేయాలి. కాబట్టి పైపుకు ప్రస్తుతానికి ప్లగ్ బిగించి వైరింగ్ మొదలుపెట్టడమే తెలివైన వరస.

వైరింగ్, అందులోనూ గ్రౌండ్

పవర్‌ను ఇగ్నిషన్ ఆన్ చేస్తే వచ్చి, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా పోకుండా ఉండే చోటు నుంచి తీసుకోవాలి. సెల్ఫ్ కొట్టగానే కరెంట్ పోయి మళ్లీ వస్తే హీటర్ మళ్లీ మొదటి నుంచి వేడెక్కడం మొదలుపెడుతుంది. సొంత ఫ్యూజ్ పెట్టండి, ఎన్ని ఆంప్స్ అన్నది కంట్రోలర్ మాన్యువల్ చెబుతుంది, చాలావాటికి 5 నుంచి 10 లోపే. స్టీరియో వైరు దగ్గరే ఉంది కదా అని అందులోంచి లాగవద్దు.

సెన్సర్ సొంత వైరును కోయవద్దు, పొట్టిది చేయవద్దు, మధ్యలో సోల్డర్ పెట్టవద్దు. సెన్సర్ నుంచి వచ్చేవి ఐదు వైర్లు, కనెక్టర్‌లో మాత్రం ఆరు పిన్నులు ఉంటాయి. ఆ ఆరో పిన్నుకు కనెక్టర్ లోపల ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది, ఆ ఒక్క సెన్సర్‌కు సరిపోయేలా ఫ్యాక్టరీలో దాన్ని సరిచేసి పంపుతారు. కనెక్టర్ మార్చేస్తే ఆ సర్దుబాటు పోయినట్టే. వైరు పొడవు చాలకపోతే కంట్రోలర్ వైపు నుంచి కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ వాడండి. వైరును ఎగ్జాస్ట్‌కు దూరంగా, కాస్త వదులుగా, స్పార్క్ ప్లగ్ వైర్లకు, కాయిల్స్‌కు పక్కగా పోకుండా లాగండి. బాడీలోంచి లోపలికి వెళ్లే కన్నానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

పాత సెన్సర్ పనికొస్తుందో లేదో తెలియకపోతే ఇక్కడే మల్టీమీటర్‌తో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఎల్ఎస్‌యూ 4.9లో బూడిద రంగు, తెలుపు వైర్లు హీటర్‌వి. సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు వాటి మధ్య సుమారు 3 ఓములు ఉండాలి. ఓపెన్ చూపిస్తే హీటర్ తెగిపోయింది, ఇక దాని మీద సమయం వృథా చేయకండి. హీటర్ వైర్లకు నేరుగా బ్యాటరీ తగిలించి పరీక్షించే పని మాత్రం వద్దు, కంట్రోలర్ నెమ్మదిగా పెంచే వోల్టేజ్‌ను మీరు ఒక్కసారిగా ఇస్తే బాగున్న సెన్సర్ కూడా పగులుతుంది.

ఇప్పుడు గ్రౌండ్. కంట్రోలర్ నుంచి ఈసీయూకు గానీ లాగర్‌కు (రీడింగులు రికార్డు చేసే పరికరానికి) గానీ 0 నుంచి 5 వోల్టుల అనలాగ్ సిగ్నల్ వెళ్తుంది. వోల్టేజ్ అంటేనే రెండు చోట్ల మధ్య తేడా కదా, కంట్రోలర్ తన ఎర్త్‌ను సున్నా అనుకుంటుంది, ఈసీయూ తన ఎర్త్‌ను సున్నా అనుకుంటుంది, ఆ రెండు సున్నాలూ ఒకటి కాకపోతే మధ్యలో ఉన్న తేడా అంతా రీడింగ్‌లోకి ఎక్కుతుంది. హీటర్ రెండు ఆంప్స్ లాగుతోందని, దాని ఎర్త్ కనెక్షన్‌లో తుప్పు వల్ల 0.05 ఓముల నిరోధం ఉందని అనుకుందాం. 0.1 వోల్ట్ తేడా వస్తుంది. స్కేల్ 0 వోల్ట్‌కు 10, 5 వోల్టులకు 20 అయితే ఆ 0.1 వోల్ట్ అంటే 0.2 ఏఎఫ్ఆర్. మీటర్ 12.0 చూపిస్తుంటే ఈసీయూ లాగ్‌లో 12.2 కనిపిస్తుంది. హీటర్ కరెంట్ మారినప్పుడల్లా ఈ తేడా కూడా మారుతుంటుంది కాబట్టి ఒక అంకె తీసేసి సరిపెట్టుకోవడం కూడా కుదరదు.

కంట్రోలర్‌కు హీటర్ ఎర్త్, సిగ్నల్ ఎర్త్ విడివిడిగా ఉంటే హీటర్‌ది ఇంజిన్ బ్లాక్ మీద, ఈసీయూ ఎర్త్ బిగించిన చోటే గట్టిగా బిగించండి, సిగ్నల్‌ది ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ వైరుకు కలపండి. ఒకే ఎర్త్ వైరు ఉన్న కంట్రోలర్‌ను మాత్రం ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కు కలపవద్దు, హీటర్ కరెంట్ అంతా ఆ సన్నని వైరు గుండా పోతుంది, మిగతా సెన్సర్ల రీడింగులు కూడా చెడతాయి. దాన్ని ఈసీయూ మెయిన్ ఎర్త్ దగ్గరికే తీసుకెళ్లాలి. డ్యాష్‌బోర్డ్ కింద దొరికిన ఏదో ఒక స్క్రూకు ఎర్త్ కట్టడం అంత సులభమైన తప్పు ఇంకోటి లేదు. ఈసీయూకు, కంట్రోలర్‌కు రెండింటికీ కాన్ బస్ (అంకెలను డిజిటల్‌గా పంపే లైను) ఉంటే అనలాగ్ జోలికే పోకండి, అంకె అంకెలాగే వెళ్తుంది, ఈ గ్రౌండ్ తలనొప్పి మొత్తం పోతుంది.

గాలిలో కాలిబ్రేషన్

ఇది అందరికీ అవసరం కాదు. 4.9తో వచ్చే కొన్ని కంట్రోలర్లు కనెక్టర్‌లోని రెసిస్టర్‌ను నమ్ముకుంటాయి, వాటిలో గాలి కాలిబ్రేషన్ అనేదే ఉండదు, ఉదాహరణకు ఏఈఎం ఎక్స్ సిరీస్. ఇన్నోవేట్ ఎల్‌సీ‑2 లాంటివి మాత్రం మొదటిసారి తప్పనిసరిగా అడుగుతాయి. 4.2 సెన్సర్ వాడే పాత కంట్రోలర్లకు ఇది అప్పుడప్పుడూ చేస్తూ ఉండాల్సిందే. మీ మాన్యువల్ ఏం చెబితే అది.

సూత్రం సులభం. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, అది ఎక్కడైనా దొరికే ప్రామాణిక వాయువు. సెన్సర్‌ను ఆ గాలిలో పెట్టి, ఇంత ఆక్సిజన్‌కు ఇంత పంప్ కరెంట్ అని కంట్రోలర్‌కు నేర్పిస్తాం. అయితే ఆ గాలి నిజంగా మామూలు గాలే కావాలి. ఇంజిన్ ఇప్పుడే ఆపిన ఎగ్జాస్ట్ పక్కన కాదు, పెట్రోల్ డబ్బా, థిన్నర్, బ్రేక్ క్లీనర్ వాసన ఉన్న గదిలో కాదు. సెన్సర్‌ను ఆరుబయట, దేనికీ తగలకుండా వేలాడదీయండి, నేల మీద పెడితే కాలుతుంది, చేత్తో పట్టుకుంటే చేయి కాలుతుంది. ఎల్‌సీ‑2 లాంటివాటిలో మొదట సెన్సర్ తగిలించకుండా ఒకసారి పవర్ ఇచ్చి పాత కాలిబ్రేషన్ చెరిపేయాలి, పవర్ తీసి సెన్సర్ తగిలించి మళ్లీ పవర్ ఇస్తే అది వేడెక్కాక తనంతట తానే గాలి విలువ తీసుకుంటుంది. బటన్ ఉన్నవాటిలో సెన్సర్ పూర్తిగా వేడెక్కాక ఒకటి రెండు నిమిషాలు ఆగి నొక్కండి. పవర్ తీసి, సెన్సర్ చల్లారాక, పైపులో బిగించేయండి. అంతే.

అనలాగ్ స్కేల్ సరిచూడడం

కాలిబ్రేషన్ అనే మాటలో రెండోది ఇది, దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. ఏ వోల్టేజ్‌కు ఏ అంకె అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఎల్‌సీ‑2 మొదటి అవుట్‌పుట్ 0 వోల్ట్‌కు 7.35, 5 వోల్టులకు 22.39. ఏఈఎం ఎక్స్ సిరీస్ మీటర్‌కు 0.5 వోల్ట్ అంటే 8.5, 4.5 వోల్టులు అంటే 18. ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లోని లిస్టులో మీ కంట్రోలర్ పేరు లాంటిది కనిపించగానే ఎంచుకోకండి, మాన్యువల్‌లోని రెండు చివరి విలువలూ చూసి స్వయంగా ఎక్కించండి.

ఎక్కించాక ఈసీయూ సరిగ్గా చదువుతోందా అన్నది చూడడానికి ఒక సులువైన పద్ధతి ఉంది, మామూలు టార్చ్ లైట్ బ్యాటరీ సెల్. కంట్రోలర్ సిగ్నల్ వైరును ఈసీయూ నుంచి విప్పి, ఆ ఇన్‌పుట్‌కు సెల్ ప్లస్ కొన, ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కు మైనస్ కొన కలపండి. సెల్ వోల్టేజ్‌ను మల్టీమీటర్‌తో కొలవండి, ఉదాహరణకు 1.55 వచ్చిందనుకుందాం. 10 నుంచి 20 స్కేల్ అయితే ఈసీయూలో 13.1 కనిపించాలి. రెండు సెల్స్ వరసగా కలిపితే 3.10, అంటే 16.2. రెండు చోట్లా సరిపోతే ఈసీయూ వైపు తప్పు లేదు. రెండు చోట్లా ఒకే మొత్తంలో తేడా ఉంటే ఆఫ్‌సెట్ తప్పు, తేడా పెరుగుతూ పోతే స్కేల్ విలువలే తప్పుగా ఎక్కించారు.

తర్వాత సిగ్నల్ వైరు మళ్లీ కలిపి, ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్, వెనక అద్దం హీటర్ అన్నీ ఆన్ చేసి, మీటర్ మీది అంకెనూ ఈసీయూలో కనిపించే అంకెనూ పోల్చండి. సెల్ పరీక్షలో బాగుండి ఇక్కడ తేడా వస్తే దోషి గ్రౌండే. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక పుల్లను కంట్రోలర్ ఎర్త్ మీద, ఇంకోదాన్ని ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ మీద ఉంచండి. కొద్ది మిల్లీవోల్టులు ఉంటే ఫర్వాలేదు, యాభై, వంద కనిపిస్తే ఎర్త్ బోల్ట్ విప్పి పెయింట్ గీకి మళ్లీ బిగించాల్సిందే.

నమ్మే ముందు

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి సెన్సర్‌ను నిమిషాల తరబడి వేడెక్కనివ్వకండి, ఇందాక చెప్పిన నీటి చుక్కల భయం. వెంటనే స్టార్ట్ చేయండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఫ్యాక్టరీ నారోబ్యాండ్ తన పని తాను చేస్తూ ఉంటే, ఐడిల్‌లోనూ నింపాదిగా వెళ్తున్నప్పుడూ మీటర్ లాంబ్డా 1 చుట్టూ, అంటే 14.7కు అటూ ఇటూ ఊగాలి. యాక్సిలరేటర్ ఒక్కసారి కొడితే రిచ్ వైపు వెళ్లి వెనక్కి రావాలి. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగుతుంటే ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది, పైపులో గాలి మాత్రమే ఉంటుంది, మీటర్ లీన్ చివరికి వెళ్లాలి లేదా గీతలు చూపించాలి. ఈ చివరి పరీక్ష సెన్సర్ తీయకుండానే చేసే గాలి పరీక్ష, అప్పుడప్పుడూ గమనిస్తూ ఉండండి. అక్కడికి చేరడానికి మునుపటికంటే ఎక్కువ సమయం తీసుకుంటే సెన్సర్ మందగిస్తోందన్నమాట.

ఐడిల్‌లో లీన్, వేగంలో బాగుంది అంటే ముందు లీక్ వెతకండి, ట్యూన్ ముట్టుకోకండి. ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి అలలుగా వస్తుంది, అల వెనక భాగంలో పైపు లోపల ఒత్తిడి బయటికంటే తగ్గి చిన్న పగులు గుండా గాలిని పీల్చుకుంటుంది. వాక్యూమ్ క్లీనర్‌ను ఊదే వైపు తిప్పి సైలెన్సర్ చివర గుడ్డతో కట్టి, మానిఫోల్డ్ గాస్కెట్, ఫ్లాంజులు, మీ కొత్త బంగ్ చుట్టూ సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చెబుతాయి. ఈ పని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

మిస్‌ఫైర్ ఇంతకంటే మోసకారి. మండని సిలిండర్ నుంచి పెట్రోల్, ఆక్సిజన్ రెండూ బయటికొస్తాయి, సెన్సర్ ఆక్సిజన్‌కు ఎక్కువగా స్పందించి లీన్ అంటుంది. అసలు కారణం అతిగా రిచ్ అయి ప్లగ్ తడిసిపోవడం కావచ్చు. మీటర్ మాట విని ఇంకాస్త పెట్రోల్ పెంచితే మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది, మీటర్ ఇంకా లీన్ అంటుంది. ఇంజిన్ వణుకుతున్నప్పుడు వచ్చే ఏఎఫ్ఆర్‌కు విలువ ఇవ్వకండి.

ఫుల్ థ్రాటిల్‌లో రికార్డు చేసిన లాగ్‌లు చూసేటప్పుడు ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. పొగ సిలిండర్ నుంచి సెన్సర్ దాకా రావడానికి సమయం పడుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. లాగ్‌లో కనిపించే లీన్ గుంట ఈసీయూ పెట్రోల్ టేబుల్‌లో ఆ క్షణపు గడిది కాకపోవచ్చు, దానికి కాస్త ముందు గడిది కావచ్చు. మామూలు పెట్రోల్ ఇంజిన్ ఫుల్ లోడ్‌లో సుమారు 0.85 నుంచి 0.90 లాంబ్డా, టర్బో ఇంజిన్ అంతకంటే రిచ్‌గా 0.8 దగ్గర నడవడం సాధారణం, కానీ మీ ఇంజిన్‌కు ఏది సరైనదన్నది నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి మండడం), ఎగ్జాస్ట్ వేడి, పవర్ చూసి తేలాలి. డ్రైవ్ చేస్తూ మీటర్ చూడకండి, లాగ్ చేసి ఆగాక చూడండి.

ఇక సెన్సర్ ఆయుష్షు. సీసం కలిసిన ఇంధనం, ఇంజిన్ ఆయిల్ మండడం, హెడ్ గాస్కెట్ నుంచి లీకై వచ్చే కూలెంట్, సెన్సర్‌కు పడని సిలికాన్ గాస్కెట్ సీలెంట్లు, ఇవి దాన్ని మెల్లగా చంపేస్తాయి. అన్నిటికంటే వేగంగా చంపేది మాత్రం పవర్ లేకుండా ఎగ్జాస్ట్‌లో వదిలేయడం. హీటర్ ఆఫ్‌లో ఉంటే మొన మీద మసి పేరుకుంటుంది, కాలిపోదు. ఫ్యూజ్ పోయిందనో, మీటర్ తీసి వేరే కారుకు పెట్టామనో సెన్సర్‌ను అలాగే ఉంచి కారు నడపకండి. కంట్రోలర్ పని చేయని రోజు సెన్సర్ తీసేసి, ఎం18 ప్లగ్ బిగించి, వైరును ఎగ్జాస్ట్‌కు తగలకుండా పైకి కట్టేయండి.